మిలిటరీ ట్రక్కుకు వేరే బాడీ: ఛాసిస్‌ను మెలి తిరగనివ్వని బిగింపు మీద ఒక కేస్ స్టడీ

పగిలిన చోట వెల్డింగ్ చేసి, దాని మీద ఇంకో పట్టీ అతికించి పంపేస్తే పని అయిపోయినట్టే కనిపించే కేసు ఇది. అలా చేసి ఉంటే పగులు ఆ పట్టీ చివరికి జరిగేది, అంతే. ఎందుకు అలా చేయలేదో, ఏ దశలో ఏం చూసి ఏం నిర్ణయించామో వివరంగా రాస్తున్నాను. యజమానిని గానీ వాహనాన్ని గానీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

వాహనం ఎం35 కుటుంబానికి చెందిన 6×6 ట్రక్కు, అంటే ఆరు చక్రాల స్థానాలకూ ఇంజిన్ బలం అందేది. 1950ల నుంచి దశాబ్దాల పాటు అమెరికన్ సైన్యం వాడిన రకం. రెండున్నర టన్నుల తరగతి అంటారు గానీ ఆ లెక్క రోడ్డు లేని నేల కోసం: 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు. మంచి రోడ్డు మీద దానికి రెట్టింపు మోయగలదు. ఇదే ఛాసిస్ మీద సరుకు బాడీ, షాప్ వ్యాన్ (లోపల వర్క్‌షాప్ ఉండే పెట్టె), నీళ్ల ట్యాంకు, ఇంధనం ట్యాంకు, డంపు బాడీ, ఇలా రకరకాలవి కట్టారు. అందుకే సైన్యం మిగులు వాహనాల అమ్మకాల్లో బాడీ ఊడదీసిన ఛాసిస్‌లు కనిపిస్తుంటాయి. కొన్నవాళ్లు అదే కుటుంబంలోని ఇంకో ట్రక్కు బాడీ తెచ్చి దాని మీద కూర్చోబెడతారు.

ఈ యజమాని చేసింది కూడా అదే. షాప్ వ్యాన్ పెట్టె తీసేసిన ఛాసిస్ ఒకటి, వేరే ట్రక్కు నుంచి వచ్చిన ఉక్కు సరుకు బాడీ ఒకటి. రెండిటినీ వేరే చోట కలిపించుకున్నారు. ట్రక్కు పని అంతా గతుకుల బాటల మీదే: కలప దుంగలు, అప్పుడప్పుడు ఒక నీళ్ల ట్యాంకు. నీళ్ల ట్యాంకు సంగతి గుర్తుంచుకోవాలి. దాని బరువు ఎత్తులో ఉంటుంది, పైగా లోపల నీళ్లు కదులుతాయి.

వచ్చిన సమస్య

బాడీ ముందు అడ్డదూలం రెండు చివర్లా పగిలింది. ఒకసారి వెల్డింగ్ చేయించారు, ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ పగిలింది. బోల్టులు ఎంత బిగించినా కొన్నాళ్లకు వదులవుతున్నాయి. గుంటల్లో క్యాబిన్ వెనక నుంచి టక్కుమని శబ్దం. వీటన్నిటికంటే నాకు ఆసక్తి కలిగించిన ఫిర్యాదు ఆయన చివర్లో, పెద్దగా పట్టించుకోకుండా చెప్పారు: "ట్రక్కు ఎగుడుదిగుడు నేల మీద ఆగినప్పుడు వెనక డోరు తెరుచుకోదండీ. సమంగా ఉన్న చోటికి తెస్తే మామూలుగానే వస్తుంది."

డోరు ఇరుక్కుంటోందంటే బాడీ చట్రం చతురస్రంగా ఉండడం లేదు, మెలి తిరుగుతోంది. బాడీ తనంతట తాను మెలి తిరగదు. కింద ఏదో దాన్ని పట్టుకుని తిప్పుతూ ఉండాలి. మిగతా ఫిర్యాదులన్నీ ఈ ఒక్క మాటతో కలిసిపోతున్నాయి.

ఆయన అడిగింది మాత్రం మందమైన పట్టీలు వేసి ముందు దూలాన్ని గట్టిపరచమని. అడగడంలో తప్పేమీ లేదు. విరిగింది బలహీనంగా ఉండబట్టే విరిగిందని ఎవరికైనా అనిపిస్తుంది.

బిగింపును పరిశీలించినప్పుడు

ఛాసిస్ అంటే పొడవునా రెండు సీ-ఛానెళ్లు (C అక్షరం ఆకారంలో ఉండే ఉక్కు దూలాలు), వాటిని కలుపుతూ క్రాస్ మెంబర్లు. తెరిచిన సీ-ఛానెల్ వంగడానికి బాగా ఎదురు నిలుస్తుంది, కానీ మెలి తిరగడానికి అతి తక్కువగా ఎదురు చెబుతుంది. అంతే కొలతలతో, అంతే మందంతో నాలుగు వైపులా మూసిన గొట్టం తీసుకుంటే దాని మెలి బలం వందల రెట్లు ఉంటుంది. మూతలేని అట్టపెట్టెను చేత్తో మెలిపెట్టి చూసి, మూత అతికించి మళ్లీ మెలిపెడితే తేడా తెలుస్తుంది. ఇలాంటి ట్రక్కుల్లో ఛాసిస్ మెలి తిరగడం లోపం కాదు, కావాలని పెట్టుకున్న గుణం. చక్రాల దగ్గర ఉండే పట్టీ స్ప్రింగులు (లీఫ్ స్ప్రింగులు) గట్టివి. నేల పైకీ కిందికీ పోయినప్పుడు ఆరు చక్రాలూ నేలను అంటిపెట్టుకోవాలంటే కొంత పని ఛాసిస్ కూడా చేయాలి.

ఇక్కడ బాడీని ముందు నుంచి వెనక దాకా యూ బోల్టులతో ఒకే గట్టిదనంతో బిగించేశారు. మధ్యలో చెక్క లేదు, ఉక్కు మీద ఉక్కు. అది చాలదన్నట్టు ముందు వైపు రెండు చోట్ల బాడీ దూలాన్ని ఛాసిస్ పై ఫ్లాంజ్‌కు, అంటే ఛానెల్ పైన అడ్డంగా ఉండే రెక్కకు, వెల్డింగ్ చేశారు.

ఆ వెల్డింగ్ చూడగానే మిగతా పనంతా పక్కన పెట్టాం. వంపు భారం పడినప్పుడు ఛానెల్‌లో అత్యధిక ఒత్తిడి ఉండేది పై, కింది ఫ్లాంజ్‌ల లోనే. అక్కడ రంధ్రం చేసినా, వెల్డింగ్ వేడి తగిలినా పగులు మొదలవడానికి చోటు ఇచ్చినట్టే. ఏదైనా బిగించాల్సి వస్తే ఛానెల్ నిలువు ముఖానికి, అదీ ఎత్తులో మధ్య ప్రాంతానికి బిగించాలి. అక్కడ వంపు ఒత్తిడి తక్కువ. రెండు వెల్డింగ్‌లనూ గ్రైండర్‌తో జాగ్రత్తగా ఫ్లాంజ్ మట్టం దాకా తీసి డై పెనెట్రంట్ పరీక్ష (రంగు ద్రవం పూసి కంటికి కనబడని పగుళ్లను బయటపెట్టేది) చేశాం. ఒకదాని దగ్గర ఎర్ర గీత కనబడింది. ఇంకాస్త గ్రైండ్ చేస్తే గీత పోయింది. పగులు వెల్డింగ్ లోహంలోనే ఆగింది, ఫ్లాంజ్‌లోకి దిగలేదు. దిగి ఉంటే ఇది బాడీ పని కాకుండా ఛాసిస్ మరమ్మతు అయ్యేది. అది పూర్తయ్యే వరకు బాడీ మాట ఎత్తేవాళ్లం కాదు.

యూ బోల్టుల దగ్గర ఇంకో నష్టం జరిగింది. సీ-ఛానెల్‌కు ఒక పక్క తెరిచి ఉంటుంది కదా, లోపల ఊత ఇవ్వకుండా యూ బోల్టు బిగిస్తే ఫ్లాంజ్ అంచులు లోపలికి వంగుతాయి. అవి వంగుతుంటే బిగింపు వదులవుతుంది, వదులైందని మళ్లీ బిగిస్తారు, ఇంకా వంగుతాయి. బోల్టులు ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

కోయకముందు ఒక పరీక్ష

యజమానికి చూపించడానికీ, నా అంచనాను రుజువు చేసుకోవడానికీ ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ముందు ఎడమ చక్రాన్ని, వెనక కుడి వైపు చక్రాలను 300 మి.మీ. ర్యాంపుల మీదికి ఎక్కించాం. బాడీ ముందు అంచు దగ్గర, వెనక అంచు దగ్గర రెండు ఛానెళ్ల మీదా ఆనేలా తిన్నని గొట్టం అడ్డంగా పెట్టి, కోణం కొలిచే మీటరుతో రెంటి మధ్య తేడా చూశాం.

బోల్టులన్నీ బిగించి ఉన్నప్పుడు తేడా 1.5 డిగ్రీలు. వెనక డోరు ఇరుక్కుంది. ముందు సగం యూ బోల్టులు వదులు చేసి మళ్లీ కొలిస్తే 4 డిగ్రీలు, డోరు చేత్తో తెరుచుకుంది. ముందు కుడి మూలలో బాడీ ఛాసిస్ మీద నుంచి 45 మి.మీ. పైకి లేచి నిలబడింది.

ఆ ఖాళీని కళ్లారా చూశాక యజమాని మందమైన పట్టీల మాట ఎత్తలేదు. 4 డిగ్రీలు తిరగాల్సిన ఛాసిస్‌ను బాడీ 1.5 దగ్గర ఆపుతోంది. ఆపడానికి పడే బలమంతా ముందు మూలల నుంచే పోతోంది. దూలాన్ని ఇంకా గట్టి చేస్తే బలం ఇంకా పెరుగుతుంది, అప్పుడు విరిగేది దూలం కాదు, ఛాసిస్.

పని చేయనివి

బాడీ మొత్తం దింపకుండా తక్కువలో పోతుందేమో చూడమని యజమాని కోరారు. న్యాయమైన కోరికే. 20 మి.మీ. గట్టి రబ్బరు దిమ్మలు మధ్యలో పెట్టి, ఛానెల్ లోపల ఉక్కు ఊతలు ఇచ్చి, యూ బోల్టులు తిరిగి బిగించాం. శబ్దం పోయింది. ర్యాంపు మీద మాత్రం 1.5 నుంచి 2 డిగ్రీలకే వచ్చింది, డోరు ఇంకా పట్టేస్తోంది. కారణం సూటిగానే ఉంది. రబ్బరు నొక్కుకునే వైపు మాత్రమే కదలిక ఇస్తుంది. బాడీ ఛాసిస్ నుంచి దూరంగా లేవాల్సిన వైపు బోల్టు ఉంది, బోల్టు సాగదు. కొద్ది రోజుల వాడకానికే దిమ్మలు పక్కలకు ఉబ్బి, బోల్టులు మళ్లీ వదులయ్యాయి. పికప్‌లలో రబ్బరు మౌంట్లు చక్కగా పని చేస్తాయి. అక్కడ ఛాసిస్ మెలి చాలా తక్కువ. ఆ అనుభవాన్ని ఇక్కడికి తేకూడదు.

తర్వాతిది స్ప్రింగు మౌంటు. సైనిక ట్రక్కుల సరుకు బాడీలకు ముందు వైపు స్ప్రింగుతో పట్టి ఉంచే పద్ధతి కొత్తదేమీ కాదు. యజమాని అప్పటికే పొట్టిగా, గట్టిగా ఉన్న స్ప్రింగులు సంపాదించి ఉంచారు. వాటిని ప్రెస్‌లో పెట్టి చూస్తే ముందస్తు బిగింపు పోను మిగిలే కదలిక 25 మి.మీ. మాత్రమే. ఆ తర్వాత చుట్టలన్నీ ఒకదానికొకటి తగిలి స్ప్రింగు ఇనుప గొట్టంలా మారిపోతుంది. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు, అందుకే విడమరిచి చెబుతున్నాను.

ఛానెళ్ల మధ్య 860 మి.మీ. దూరం, 4 డిగ్రీల మెలి అనుకుంటే రెండు వైపుల ఎత్తుల తేడా సుమారు 60 మి.మీ. బాడీ మధ్యలో ఇరుసు ఉండి ఊగితే ఒక్కో వైపు 30 చొప్పున పంచుకునేది. కానీ స్ప్రింగు మౌంటులో ఇరుసు లేదు. ఒక వైపు బాడీ ఛానెల్ మీదే కూర్చుని ఉంటుంది, 60 మొత్తం రెండో వైపే లేస్తుంది. మాకు కొలతలో 45 వచ్చింది, ఎందుకంటే మిగతాది బాడీ తన సొంత మెలితో తీర్చుకుంది. అంటే 45 కంటే బాగా ఎక్కువ కదలిక ఇచ్చే స్ప్రింగు కావాలి. 25 ఇచ్చేది పెడితే చిన్న గుంటల్లో బాగుంటుంది, పెద్ద గుంటలో పాత కథే. ఆ స్ప్రింగులు వాడలేదు.

పని చేసింది

బాడీని దింపాం. నాలుగు మూలలా చెయిన్ బ్లాకులతో ఎత్తి, కింద స్టాండ్లు పెట్టాకే ఎవరైనా లోపలికి వెళ్లారు.

మొదటి నిర్ణయం, ఎక్కడ కదలకుండా పట్టాలి, ఎక్కడ వదలాలి. వెనక బిగించి ముందు వదిలాం. వెనక రెండు యాక్సిల్స్ ఉన్న చోట ఛాసిస్‌కు క్రాస్ మెంబర్లు, స్ప్రింగు బ్రాకెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ అది తక్కువ తిరుగుతుంది, సరుకు బరువులో ఎక్కువ భాగం కూడా అక్కడే దిగుతుంది. మెలి ఎక్కువగా క్యాబిన్‌కూ వెనక యాక్సిల్స్‌కూ మధ్య జరుగుతుంది. అందుకని బాడీ వెనక భాగంతో పాటు కదిలి, ముందు స్వేచ్ఛగా ఉండాలి.

వెనక బిగింపుకు యూ బోల్టులు వదిలేసి, ఛానెల్ నిలువు ముఖానికి 10 మి.మీ. ఉక్కు పలకలను ఎక్కువ బలమున్న 10.9 గ్రేడు బోల్టులతో బిగించాం. వీలైనంత వరకు అక్కడ అప్పటికే ఉన్న రంధ్రాలనే వాడాం. బ్రేకు వేసినప్పుడు బాడీని ఆపాల్సింది ఈ పలకలే. 2,270 కిలోల సరుకును గట్టి బ్రేకులో, గురుత్వంలో 0.6 వంతు మందగింపుతో ఆపాలంటే సుమారు 1,360 కిలోల బరువంత బలం ముందుకు తోస్తుంది. రోడ్డు మీద పూర్తి లోడు అయితే దానికి రెట్టింపు. బాడీ సొంత బరువు దీనికి అదనం. ఇంత బలాన్ని యూ బోల్టుల ఒరిపిడి మీద వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

చెక్క పట్టీ విషయంలో కాస్త ఎక్కువ సమయం పెట్టాం, అది పెట్టాల్సిందే. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య గట్టి జాతి చెక్క బరువును పొడవునా పంచుతుంది, లోహం లోహాన్ని రాసుకోకుండా చూస్తుంది. అడుగున రివెట్ తలలకు గుంటలు తొలిచాం, లేకపోతే చెక్క ఆ నాలుగు తలల మీదే నిలబడుతుంది. బాగా ఎండిన చెక్క తీసుకుని నూనె పట్టించాం. రాగి కలిసిన మందుతో శుద్ధి చేసిన చెక్క వద్దన్నాం, తడి తగిలితే అది ఉక్కును తినేస్తుంది. ఎంత ఎండినదైనా చెక్క కాలం గడిచేకొద్దీ కొంత కుంచించుకుపోతుంది. అందుకే వెనక పలకల బిగింపు చెక్క గుండా పోకుండా ఉక్కు నుంచి ఉక్కుకే ఉండేలా చూశాం.

చెక్క మందం ఎంత ఉండాలో టైర్లు చెప్పాయి. మామూలు 9.00-20 సైజు బదులు యజమాని అంతకంటే పెద్దవైన 11.00-20 వేయించారు. ర్యాంపు మీద పైకి లేచిన చక్రానికీ బాడీ అడుగుకూ మధ్య ఖాళీ కొలిచి, లోడుతో స్ప్రింగులు కుంగే లెక్క కలిపి 50 మి.మీ. పెట్టాం. నీళ్ల ట్యాంకు మోసే బండి కాబట్టి అంతకు మించి ఒక్క మి.మీ. కూడా లేపదలచుకోలేదు.

ముందు వైపు ఒక్కో పక్కన రెండు స్ప్రింగు మౌంట్లు. బాడీ బ్రాకెట్ నుంచి 16 మి.మీ. మందమున్న పొడవాటి బోల్టు ఛాసిస్ బ్రాకెట్ గుండా కిందికి దిగుతుంది. దాని కింద స్ప్రింగు, వాషర్, నట్టు. బాడీ లేస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది. విడిగా 220 మి.మీ. ఉండే స్ప్రింగును 30 మి.మీ. ముందే నొక్కి బిగించాం. పూర్తిగా మూసుకుపోవడానికి ఇంకా 80 మి.మీ. మిగిలింది. దాని గట్టిదనం మి.మీ.కు 40 న్యూటన్లు. అంటే మామూలుగా ఒక్కోటి 1,200 న్యూటన్ల బలంతో బాడీని కిందికి పట్టి ఉంచుతుంది, 45 మి.మీ. లేచినప్పుడు 3,000 అవుతుంది. గలగల రాకుండా ఉండడానికి అది చాలు, ఛాసిస్‌ను ఆపేంత కాదు. ఈ రెంటి మధ్య సరైన చోటు వెతుక్కోవడమే స్ప్రింగు ఎంపిక. బ్రాకెట్ రంధ్రం బోల్టు కంటే పెద్దదిగా తీసి గుండ్రటి అడుగున్న వాషర్ వేశాం, ఎందుకంటే మెలి తిరిగినప్పుడు బోల్టు వాలుతుంది. వాలడానికి చోటివ్వకపోతే అక్కడే విరుగుతుంది.

స్ప్రింగులు పైకి కిందికి మాత్రమే పట్టి ఉంచుతాయి. అడ్డంగా జారకుండా, ముఖ్యంగా నీళ్ల ట్యాంకు మలుపులో తోసినప్పుడు, ముందు రెండు పక్కలా బాడీకి బిగించిన గైడు పలకలు ఛానెల్ బయటి ముఖాన్ని ఆనుకుని దిగుతాయి. ఖాళీ 3 మి.మీ. తిన్నగా దిగిన పలకలు ర్యాంపు మీద ఛానెల్‌కు గీసుకున్నాయి. అడుగు అంచును కాస్త బయటికి వంచాక సరిపోయింది.

బాడీని నిలబెట్టేటప్పుడు ఛానెల్ అంచుల నుంచి కొలవలేదు. వెనక యాక్సిల్ హబ్‌ల నుంచి బాడీ మూలలకు, ఆ తర్వాత మూల నుంచి మూలకు కొలిచాం. పాత బిగింపులో బాడీ అవసరానికి మించి వెనక్కి జరిగి ఉంది. సరుకు బరువు కేంద్రం రెండు వెనక యాక్సిల్స్ మధ్య బిందువుకు వెనక పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. మెలి తిరిగినప్పుడు క్యాబిన్‌కు తగలనంత ఖాళీ మాత్రమే ఉంచి ముందుకు తెచ్చాం.

విద్యుత్ సంగతి ఒకటి. బాడీ ఎక్కించాక వెనక లైట్లు మసకగా వెలిగాయి. చెక్క, రంగు కలిసి బాడీకి ఛాసిస్‌తో ఉన్న ఎర్త్ తెంచేశాయి. అల్లిన తీగ పట్టీ ఒకటి బాడీ నుంచి ఛాసిస్‌కు వేయగానే సరయ్యాయి. చెక్క వేసినవాళ్లు దీన్ని మొదటే వేసుకుంటే వైరింగ్ అంతా విప్పి వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఫలితం, తర్వాత గమనించినవి

అదే ర్యాంపు మీద, అదే చక్రాలతో 3.8 డిగ్రీలు వచ్చింది. డోరు ఒంటి చేత్తో తెరుచుకుంది. నట్ల మీద రంగు గీతలు పెట్టి, లోడుతో కొన్నాళ్లు తిరిగాక చూశాం. వెనక పలకల గీతలు కదల్లేదు. ముందు స్ప్రింగు నట్లు కొద్దిగా బిగించాల్సి వచ్చింది, చెక్క సర్దుకోవడం వల్ల అది ఊహించిందే.

ముందు దూలం మరమ్మతు ఎక్కడ ముగించామన్నది కూడా ముఖ్యమే. పగులును మొదలంటా తొలిచి వెల్డింగ్ నింపి, మీద వేసిన పట్టీ చివర్లను సన్నగా వాలు తీశాం. వెల్డింగ్‌ను ఫ్లాంజ్ అంచు దాకా తీసుకెళ్లకుండా నిలువు ముఖం మీదే ఆపాం. గట్టి భాగం ఒక్కసారిగా ముగిసిన చోటే కొత్త పగులు పుడుతుంది. పాత మరమ్మతు పక్కనే పగలడానికి కారణం అదే. ఒక వానాకాలం పని తర్వాత డై పెనెట్రంట్‌తో మళ్లీ చూస్తే గీత లేదు.

ఇలాంటి బండి వచ్చినప్పుడు నేను ఇప్పుడు మొదట అడిగేది, ఎగుడుదిగుడు నేల మీద డోర్లు తెరుచుకుంటున్నాయా అని. తర్వాత ర్యాంపు. సమతలం మీద నిలబెట్టి తీసుకున్న కొలతలు బాడీ ఎక్కడ కూర్చోవాలో చెబుతాయి గానీ, ఎలా పట్టుకోవాలో చెప్పవు. ర్యాంపు మీద రెండో కొలత తీసుకోకుండా స్ప్రింగు కొనొద్దు. ఏ మౌంటు మీదైనా ముందు అడగాల్సింది అది ఎంత బరువు మోస్తుందని కాదు, బాడీ లేచే వైపు ఎంత దూరం వదులుతుందని.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇక్కడ బాడీ పైన తెరిచిన ఉక్కు తొట్టి కాబట్టి అది కూడా ఒక డిగ్రీ దాకా తిరిగి సాయపడింది. దాని బదులు నాలుగు గోడలు, పైకప్పు ఉన్న మూసిన పెట్టె, అంటే షెల్టర్ గానీ నివాసపు బాడీ గానీ అయితే, అది అసలు తిరగదు. అప్పుడు ఒక మూలే గాల్లోకి లేచే స్ప్రింగు మౌంటు పెట్టెను కుదిపి కుదిపి అతుకులు విప్పుతుంది. అలాంటి వాటికి నడిమి గీత మీద ఇరుసు ఉండే మూడు బిందువుల బిగింపో, యూనిమాగ్ ట్రక్కుల్లో వాడే వజ్రాకారపు నాలుగు బిందువుల బిగింపో కావాలి. ఈ యజమాని తర్వాత అదే ఛాసిస్ మీద మూసిన పెట్టె పెట్టుకుంటానని అడిగారు. ఇప్పుడున్న బ్రాకెట్లలో వెనక పలకలు తప్ప మిగతావి దానికి పనికిరావని, ముందు వైపు ఇరుసుతో కొత్త సబ్‌ఫ్రేమ్ (ఛాసిస్‌కూ పెట్టెకూ మధ్య ఉండే చట్రం) కట్టాలని చెప్పాను.